పార్కింగ్ యాప్, రెండేళ్ల వాడకం తర్వాత: బండి భద్రమే, ఫోన్ నంబరే వీధిన పడింది

హైదరాబాద్‌లో రోజూ బండి పెట్టే చోట్ల వాడుతున్న యాప్ ఇది. పేరు రాయడం లేదు, వాడేవాళ్లు ఎలాగూ పోల్చుకుంటారు. డబ్బు కట్టడం వరకు వంక పెట్టడానికి లేదు. క్యూఆర్ స్కాన్ చేస్తే పది సెకన్లలో గేటు దాటొచ్చు, చిల్లర గొడవ లేదు. పేచీ అంతా మొబైల్ నంబరు దగ్గరే.

బండి లోపలికి పోతుంటే చేతి మిషన్ పట్టుకున్న కుర్రాడు "నంబర్ చెప్పన్నా" అంటాడు. బండిది కాదు, ఫోన్‌ది. వెనక హారన్లు మోగుతుంటే గట్టిగా అరిచి చెప్పాలి, చుట్టుపక్కల అందరికీ వినబడుతుంది. ఇవ్వనంటే పది తొమ్మిదులు కొట్టి చీటీ చేతిలో పెడతాడు. అంటే ఆ గడి నిండితే చాలు, అసలు నంబరు మిషన్‌కు అక్కర్లేదన్నమాట. 2018 నాటి జీవో 63 ప్రకారం మాల్స్‌లో మొదటి 30 నిమిషాలు ఉచితం. ఆ లెక్క కట్టడానికైనా బండి నంబరు, లోపలికొచ్చిన టైము ఉంటే సరిపోతుంది.

నంబరు ఇచ్చినవాళ్లకు ఎస్సెమ్మెస్‌లో రసీదు లింకు వస్తుంది. లింకు చివర టికెట్ నంబరు ఉంటుంది, అది వరుస నంబరు. ఒకే ఇంటి రెండు బండ్లు వెనకా ముందూ లోపలికి పెట్టి చూస్తే రెంటికీ చివరి అంకె ఒక్కటే తేడా. మొదటి లింకులో ఆ అంకె మార్చగానే రెండోదాని రసీదు తెరుచుకుంది. లాగిన్ అడగలేదు, ఓటీపీ అడగలేదు. అందులో బండి ఫొటో, పది అంకెల ఫోన్ నంబరు, వచ్చిన టైము, పోయిన టైము అన్నీ ఉన్నాయి. కారణం చిన్నదే: అడిగిన టికెట్ ఉందా లేదా అని మాత్రమే సర్వర్ చూస్తోంది, అడిగేవాడికి దాన్ని చూసే హక్కు ఉందా అని చూడటం లేదు. వరుస నంబరు బదులు ఊహించలేని పొడవాటి కోడ్ పెట్టి, లింకు 24 గంటల్లో చెల్లిపోయేలా చేసి, ఫోన్ నంబరులో చివరి నాలుగంకెలే చూపిస్తే సగం జబ్బు పోతుంది. ఒక మనిషి రోజూ ఏ టైముకు ఎక్కడ బండి పెడతాడో తెలిస్తే ఇంట్లో ఎప్పుడు లేడో కూడా తెలిసినట్టే.

చేతి మిషన్ సంగతి మరోటి. షిఫ్టులో ముగ్గురు పనిచేస్తే ముగ్గురికీ ఒకటే పిన్. లోపలున్న బండ్ల జాబితా ఫోన్ నంబర్లతో సహా తెర మీద ఉంటుంది. ఎవరైనా ఫొటో తీసుకుపోయినా, ఎవరి లాగిన్‌తో పోయిందో పట్టుకునే దారి లేదు. ఇది కుర్రాళ్ల తప్పు కాదు, మిషన్ అలా తయారుచేసినవాళ్లది.

ఖాతా తీసేసే బటన్ సెట్టింగ్స్‌లో ఉంది, నొక్కితే లాగిన్ పోతుంది. పాత రసీదు లింకులు మాత్రం ఆ తర్వాత కూడా తెరుచుకుంటూనే ఉన్నాయి.

వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో. పనికి అవసరమైన సమాచారానికే సమ్మతి చెల్లుతుందని చట్టం అంటోంది. భద్రతా ఏర్పాట్లు చేయకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా. అయితే కంపెనీల మీద ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి నియమాలు వచ్చాక 18 నెలల గడువు ఇచ్చారు.

వాడక తప్పనివాళ్లు ఇన్‌స్టాల్ చేయగానే ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, యాప్స్, పర్మిషన్స్‌కు వెళ్లి లొకేషన్‌ను "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే"కు మార్చి, కచ్చితమైన లొకేషన్ ఆపేయండి. ఎస్సెమ్మెస్, కాంటాక్ట్స్ అడిగితే వద్దనండి. ఓటీపీ తనంతట తాను పడటానికి ఎస్సెమ్మెస్ అనుమతి అక్కర్లేదు. యూపీఐ ఐడీ మీ ఫోన్ నంబరే అయితే నంబరు లేని ఇంకో ఐడీ చేసుకుని దాంతో కట్టండి. స్తంభం మీది క్యూఆర్‌ను ముందు గోరుతో గీకి చూడండి, కింద ఇంకో స్టిక్కర్ ఉంటే కట్టొద్దు. స్కాన్ చేశాక ఎవరో వ్యక్తి పేరు వచ్చినా పిన్ కొట్టకుండా అక్కడే ఆగండి. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

శంషాబాద్ ఎయిర్‌పోర్టులోలా ఫాస్టాగ్‌తో కట్టే వీలున్న చోట అదే మేలు. రీడర్ ట్యాగ్‌ను చదువుతుంది, మెసేజ్ బ్యాంకు పంపుతుంది, గేటు దగ్గర నంబరు అరవాల్సిన పని లేదు. బైకులకు ఆ వీలు లేదు కాబట్టి వాళ్లకు పది తొమ్మిదులే దిక్కు.

వేగానికి నాలుగు స్టార్లు, భద్రతకు ఒకటి.