ఎసిట్రోమ్ వాడేవాళ్లు ఆకుకూర మానాలా, కొలతగా తినాలా, మాత్రే మార్చుకోవాలా?

అమ్మకి గుండెలో మిట్రల్ వాల్వ్ తీసేసి మెటల్ వాల్వ్ పెట్టిన రోజు నుంచి మా తిరుపతి ఇంట్లో తగాదా అంతా ఆకుకూర గురించే. వాడేది ఎసిట్రోమ్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే పాత రకం మాత్ర. డిశ్చార్జ్ అయ్యేటప్పుడు ఎవరో "ఆకుకూరలు వద్దమ్మా" అని ఒక్క ముక్క అన్నారు, అంతే, పెరట్లో మునగచెట్టు పెట్టుకుని, సంగటిలోకి ఆకు పప్పు లేకపోతే ముద్ద దిగని మనిషి ఆరు నెలలు ఆకు ముట్టలేదు.

మరి ఐఎన్‌ఆర్ కుదురుగా ఉందా అంటే లేదు. రక్తం ఎంత నెమ్మదిగా గడ్డకడుతోందో చెప్పే పరీక్ష లెక్క అది, పెరిగితే రక్తస్రావం భయం, తగ్గితే గడ్డల భయం. అమ్మకి 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలన్నారు. ఒకసారి 4 దాటింది, గంగజాతరకి చుట్టాలింట్లో రెండు మూడు రోజులు గోంగూర, మునగాకు వేపుడు తినొచ్చాక చూస్తే 1.8. ఎందుకంటే రక్తం గడ్డకట్టే పదార్థాల్ని లివర్ తయారు చెయ్యాలంటే విటమిన్ కె కావాలి, ఈ మాత్ర దానికి అడ్డం పడుతుంది. ఆకులు పూర్తిగా మానేస్తే ఒంట్లో కె నిల్వ అడుగంటుతుంది, అప్పుడు ఒక్క పూట మునగాకు తిన్నా లెక్క తలకిందులవుతుంది. రోజూ ఒకే కొలత తినేవాళ్లకి ఈ ఊగిసలాట తక్కువ, ఎందుకంటే డాక్టర్ డోసు కట్టేదే ఆ తిండిని బట్టి. అందుకే నా ఓటు కొలతగా తినడానికే. అయితే ఇన్నాళ్లూ మానినవాళ్లు రేపే గిన్నెడు పాలకూర పప్పు లాగించకండి, డాక్టర్‌కి చెప్పి మొదలుపెట్టి, వారం పది రోజుల్లో ఐఎన్‌ఆర్ చూపించుకోవాలి.

ఇక మాత్ర మార్చడం. చిత్తూరులో మా మామకి గుండె లయ తప్పుతుంది, వాల్వ్ బాగానే ఉంది, ఆయనకి రక్తం గడ్డకట్టకుండా అపిక్సబాన్ అనే కొత్త రకం మాత్ర 5 మిల్లీగ్రాములు రెండు పూటలా ఇచ్చారు. ఆకుకూర గొడవ లేదు, నెలనెలా రక్తం తీయించుకునే పని లేదు. అది చూసి అమ్మ "అన్నకిచ్చిందే నాకూ రాయమని చెప్పరా" అంటుంది. కుదరదు. మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లకి ఈ కొత్త మాత్రలు పనికిరావు, వాటిలో ఒకటైన డాబిగట్రాన్‌తో పరీక్షించి చూస్తే గడ్డలూ రక్తస్రావమూ రెండూ ఎక్కువయ్యి మధ్యలోనే ఆపేశారు. చిన్నప్పటి కీళ్లవాతం జ్వరంతో వాల్వ్ బాగా ఇరుకై గుండె లయ తప్పినవాళ్లకి కూడా పాత రకమే మేలు, 2022లో ఇన్విక్టస్ అనే అధ్యయనం ఇంకో కొత్త మాత్ర రివరాక్సబాన్‌తో పోల్చి అదే తేల్చింది. మామ లాంటివాళ్లకి మాత్రం కొత్తదే సుఖం, కిడ్నీలు బాగుండాలి, పూట తప్పకూడదు. ఇది ఒంట్లోంచి తొందరగా దిగిపోతుంది, ఒక పూట మరిచిపోతే ఆ మేరకు కాపలా లేనట్టే.

కానీ "నాది కొత్త మాత్ర, ఏం తిన్నా ఫర్వాలేదు" అన్న ధీమానే మామని ముంచింది. అలిపిరి మెట్లు 3,550, ఎక్కి వచ్చాక మోకాళ్లు వాచి, మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ అడిగి మూడు రోజులు మింగాడు. నాలుగో రోజు విరేచనం తారులా నల్లగా. కడుపులో రక్తం కారుతోందన్నారు, రెండు రోజులు అడ్మిట్. నొప్పి మాత్రల విషయంలో పాతా కొత్తా తేడా లేదు, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అన్నీ ప్రమాదమే. పారాసెటమాల్ మేలు, అదీ ఎసిట్రోమ్ మీద ఉన్నవాళ్లు రోజుల తరబడి ఫుల్ డోసు వేసుకుంటే ఐఎన్‌ఆర్ పెరుగుతుంది. విరేచనాలకి వాడే మెట్రోనిడజోల్, తామరకి వాడే ఫ్లూకోనజోల్ ఎసిట్రోమ్‌తో కలిస్తే ఐఎన్‌ఆర్ అమాంతం ఎగురుతుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్ అయితే పాతదాని బలమూ కొత్తదాని బలమూ తగ్గించేస్తుంది.

పప్పులో పసుపు, పోపులో వెల్లుల్లి గురించి టెన్షన్ అక్కర్లేదు. అదే పసుపుని, వెల్లుల్లిని గట్టిగా కుదించి క్యాప్సూల్ చేసి అమ్ముతారే, "ఆయుర్వేదమే కదా" అని మింగేవి, వాటి జోలికి డాక్టర్‌ని అడక్కుండా పోవద్దు.

ఇప్పుడు అమ్మకి ఒక చిన్న స్టీలు గిన్నె ఉంది, రోజూ దాంట్లో సగం ఆకు పప్పు, అంతే. పోయిన నెల ఐఎన్‌ఆర్ 2.9. మామ కొండెక్కడం మానలేదు, సంచిలో మోకాలి పట్టీ పెట్టుకుని ఎక్కుతున్నాడు.