‘ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?’ పాటలు: గొడ్డలి దెబ్బే తాళంగా

అమెరికన్ దర్శకులు కోయెన్ సోదరులు తీసిన ఈ సినిమా కథ జోలికి నేను పోవడం లేదు. సినిమా చూసి చాలా కాలమైనా పాటల సీడీని మాత్రం ఇప్పటికీ వింటూనే ఉన్నాను. అందుకు ముఖ్య కారణం మొదటి పాట.

‘పో లాజరస్’లో వాయిద్యమంటూ ఏదీ లేదు. జానపద గీతాల సేకర్త అలన్ లోమాక్స్ 1959లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రపు పార్చ్‌మన్ జైలులో, ఖైదీలు కట్టెలు కొడుతుండగా రికార్డు చేసిన పాట అది. షెరీఫ్ (అక్కడి పోలీసు అధికారి) పంపిన మనుషులు లాజరస్‌ను వేటాడే కథను జేమ్స్ కార్టర్ అనే ఖైదీ ఎత్తుకోగా మిగిలినవారు అందుకుంటారు. మాట ఎక్కడ ఆగాలో, ఊపిరి ఎక్కడ పీల్చాలో గొడ్డలి దెబ్బే నిర్ణయిస్తుంది. మన నాట్ల పాటలకూ పని లయే ఆధారం కానీ, ఆ గట్ల మీద తుపాకీ పట్టిన కాపలావాడు ఉండడు. పాడిన మనిషి సంగతి తెలిశాక పాట నాకు మరింత దగ్గరైంది. జైలు నుంచి ఎప్పుడో బయటపడి షికాగోలో ఉంటున్న కార్టర్‌ను వెతికి పట్టుకుని, 20,000 డాలర్ల రాయల్టీ చెక్కు అందించారు. 2002లో ఈ సంపుటికి ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ వచ్చిన వేడుకకు ఆయన కూడా వెళ్ళాడు.

అయితే ఇవన్నీ పాతకాలపు రికార్డింగులని అనుకోవద్దు. ‘పో లాజరస్’, 1928 నాటి ‘బిగ్ రాక్ క్యాండీ మౌంటెన్’, స్టాన్లీ సోదరుల ‘ఏంజెల్ బ్యాండ్’ తప్ప మిగిలినవన్నీ ఆల్బమ్ నిర్మాత టీ-బోన్ బర్నెట్ ఈ సినిమా కోసం కొత్తగా పాడించినవే. వాటిలో 70 దాటిన రాల్ఫ్ స్టాన్లీ వాయిద్యాల తోడు లేకుండా మృత్యువును గడువు వేడుకునే ‘ఓ డెత్’కు సాటి లేదు, అలిసన్ క్రాస్ బృందగానం అందంగానే ఉన్నా, మొదటి పాట వెంటనే వింటే కాస్త ఎక్కువగా నునుపు చేసినట్టు తోస్తుంది. ‘మ్యాన్ ఆఫ్ కాన్‌స్టంట్ సారో’ నాలుగు రూపాల్లో వస్తుంది, అందులో గొంతు లేని రెండింటినీ నేను దాటేస్తాను. అమెరికా దక్షిణాది సంగీతంలోని వైవిధ్యమంతా ఇక్కడే ఉందనీ అనలేను: బ్యాంజో, ఫిడేలు లాంటి తీగ వాయిద్యాలతో సాగే బ్లూగ్రాస్‌కూ భక్తిగీతాలకూ పెద్దపీట దక్కింది కానీ, అక్కడి నల్లజాతివారి గానమైన బ్లూస్ వాటాకు దాదాపుగా క్రిస్ థామస్ కింగ్ పాడిన ఒక్క పాటే మిగిలింది.

నేను దీన్ని రాత్రి పూట, ఒంటరిగా, హెడ్‌ఫోన్లలో వినేవాణ్ణి కనుక నా మెప్పును ఆ మేరకు తగ్గించి చూడాలి. మా ఇంట్లో తక్కిన వాళ్ళకు ‘ఓ డెత్’ మొదలైతే గదిలో ఉండబుద్ధి కాదు. కారులో పెడితే హైదరాబాద్ హారన్ల మధ్య గొడ్డలి చప్పుడు వినపడనే వినపడదు. ప్రయాణంలో వినడానికే కొనాలనుకునేవారికి నేను దీన్ని సూచించను.