స్క్రాచ్‌తో ఇంట్లోనే కాలువ ఆట: ఏది బాగుంది, ఎక్కడ తేడా కొడుతుంది

డెల్టాలో కాలువలు కట్టేసే రోజులూ, పిల్లల వేసవి సెలవులూ ఒకేసారి వస్తాయి. ఎండలో బయటికి పంపలేం, ఫోన్ చేతికిస్తే పొద్దుగూకినా తలెత్తరు. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంటే ఆటలాడే పిల్లల చేత ఆటే తయారుచేయించొచ్చు. అందుకు స్క్రాచ్ అనే, పిల్లలు ఆటలు తయారుచేసుకునే ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌ని మించింది మాకు కనబడలేదు. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం దీన్ని తయారుచేసింది. 2007లో జనంలోకి వచ్చింది, ఇప్పుడు వాడుతున్న మూడో రూపం 2019 జనవరిలో విడుదలైంది. డబ్బు కట్టక్కర్లేదు, ప్రకటనలు రావు. 8 నుంచి 16 ఏళ్ల పిల్లల కోసం చేసింది. కోడు టైపు చెయ్యక్కర్లేదు, రంగురంగుల బ్లాకుల్ని ఒకదాని కింద ఒకటి తగిలించుకుంటూ పోవడమే.

మన ఊళ్లకి దీనిలో అన్నిటికన్నా నచ్చే గుణం, నెట్ లేకపోయినా పనిచెయ్యడం. అప్లికేషన్‌ని ఒక్కసారి దించుకుంటే చాలు. విండోస్ 10 గానీ ఆ తర్వాతది గానీ ఉండాలి. విండోస్ 7 మీద అప్లికేషన్ ఎక్కదు, అలాంటి మిషన్‌లో క్రోమ్ తెరిచి సైటులోనే చేసుకోవాలి. ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్‌కి కూడా అప్లికేషన్ ఉంది. ఫోన్ మాత్రం ఆట చెయ్యడానికి పనికిరాదు, బ్లాకులు వేలికి అందనంత చిన్నగా ఉంటాయి.

మొదటి ఆటగా కాలువలో పడవ చేయించండి. పడవ ఎడమవైపు ఉంటుంది, కుడివైపు నుంచి గుర్రపుడెక్క ముద్దలు కొట్టుకొస్తుంటాయి. పైకీ కిందికీ జరుగుతూ తప్పించుకోవాలి. గుర్రపుడెక్క కాలువని ఎలా కమ్మేస్తుందో ఇక్కడి పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేదు, బొమ్మ వాళ్లే గీసేస్తారు. పూటకి నలభై నిమిషాల చొప్పున నాలుగు పూటల పని. మొదటి పూట బొమ్మలకే సరిపోతుంది. కాగితం మీద గీసి ఫోటో తీసి ఎక్కిస్తే చిక్కొస్తుంది: తగలడాన్ని స్క్రాచ్ బొమ్మలో కనబడే చుక్కల్ని బట్టి లెక్కేస్తుంది కాబట్టి, చుట్టూ ఉన్న తెల్ల కాగితం కూడా పడవలో భాగమైపోతుంది. దూరంగా ఉన్న ముద్ద కూడా తగిలినట్టే లెక్క. అందుకని స్క్రాచ్‌లోని రంగుల పలక మీదే గీయించండి.

తెర 480 వెడల్పు, 360 ఎత్తు, సున్నా సరిగ్గా మధ్యలో ఉంటుంది. అంటే అడ్డంగా కొలిచే ఎక్స్ మైనస్ 240 నుంచి 240 దాకా, నిలువుగా కొలిచే వై మైనస్ 180 నుంచి 180 దాకా. ఈ ఒక్క సంగతీ కాగితం మీద గీసి గోడకి అంటించండి, తర్వాత సగం ప్రశ్నలు రావు. మైనస్ సంఖ్యలు ఇంకా బళ్లో చెప్పని పిల్లలు కూడా 'సున్నాకి ఎడమవైపు' అంటే ఇట్టే పట్టుకుంటారు.

రెండో పూట పడవ కదలాలి. ముందుగా ఎక్స్ మైనస్ 180, వై సున్నా దగ్గర నిలబెట్టండి. పిల్లలు వెంటనే 'వెన్ అప్ యారో కీ ప్రెస్డ్' అనే పసుపు బ్లాకు లాక్కొస్తారు. దాంతో పడవ ఒక అడుగు వేసి, కాస్త ఆగి, ఆ తర్వాతే గబగబా నడుస్తుంది. టైపు చేసేటప్పుడు ఏదైనా అక్షరాన్ని నొక్కి పట్టుకుంటే ఎలా వస్తుందో అదే తీరు, కీబోర్డు అలవాటది. దాని బదులు ఫరెవర్ (లోపలున్నదాన్ని ఆగకుండా మళ్లీ మళ్లీ చేసే బ్లాకు) లోపల ఇఫ్ (షరతు నిజమైతేనే చేసే బ్లాకు) పెట్టి, 'కీ అప్ యారో ప్రెస్డ్' అయితే వై 5 పెరగాలి, డౌన్ అయితే 5 తగ్గాలి అని పెట్టండి. కదలిక నూనె రాసినట్టు సాఫీగా వస్తుంది.

మూడో పూటే అసలు పని, తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి. ఆట మొదలుపెట్టే పచ్చ జెండా నొక్కగానే గుర్రపుడెక్క బొమ్మ దాక్కోవాలి, ఆ తర్వాత ఫరెవర్‌లో 1.0 నుంచి 2.0 సెకన్లలోపు ఎంతోకొంత ఆగి, తన నకలు (క్లోన్) ఒకటి పుట్టించాలి. 1, 2 అని ఊరికే రాస్తే ఒకటో రెండో తప్ప మధ్యలో ఏదీ రాదు, 1.0, 2.0 అని చుక్కా సున్నా పెట్టి రాస్తేనే 1.37 లాంటివి వస్తాయి, ముద్దలు ఎప్పుడొస్తాయో ఊహకందవు. నకలు పుట్టగానే ఎక్స్ 240, వై మైనస్ 120 నుంచి 120 లోపు ఎక్కడో ఒకచోటికి వెళ్లి 'షో' (కనబడేలా చేసే బ్లాకు) కావాలి. ఆ షో మర్చిపోతే నకళ్లన్నీ దాక్కునే పుడతాయి, కాలువ ఖాళీగా కనబడుతుంది. తర్వాత ఎక్స్ మైనస్ 220 కన్నా తగ్గేదాకా ఒక్కో చుట్టుకి 4 చొప్పున ఎడమకి జరగాలి. స్క్రాచ్ సెకనుకి 30 చుట్లు తిరుగుతుంది కాబట్టి ముద్ద తెర దాటడానికి దాదాపు 4 సెకన్లు పడుతుంది. దాటాక 'డిలీట్ దిస్ క్లోన్'.

ఆ మైనస్ 220 దగ్గర జాగ్రత్త. తెర అంచు మైనస్ 240 కదా అని అదే రాస్తారు చాలామంది. స్క్రాచ్ ఏ బొమ్మనీ పూర్తిగా తెర దాటి పోనివ్వదు, కొసనైనా పట్టి ఉంచుతుంది. బొమ్మ చిన్నదైతే మైనస్ 240 దగ్గరే ఆగిపోతుంది, అంతకన్నా తగ్గడం జరగదు, నకలు చెరిగిపోదు. ముద్దలన్నీ ఎడమ అంచున, లాకుల దగ్గర పేరుకున్నట్టు పేరుకుపోతాయి. ఆటంతటికీ నకళ్ల హద్దు 300. సగటున ఒకటిన్నర సెకనుకొకటి చొప్పున ఏడున్నర నిమిషాల్లో ఆ హద్దు నిండి, ఇక కొత్త ముద్ద రాదు. మొదట చక్కగా నడిచిన ఆట కాసేపటికి ఖాళీ కాలువైపోతే కారణం ఇదేనేమో ముందు చూడండి.

పడవకి తగిలితే ఒక ప్రాణం పోవాలి. ప్రాణాలు 3 అని పెట్టి, తగిలితే ఒకటి తగ్గించమంటే, మొదటి ముద్దకే మూడూ పోతాయి. తగిలి ఉన్నంతసేపూ సెకనుకి 30 సార్లు లెక్క తగ్గుతుంది మరి, సెకనులో పదో వంతులో ఆట ఖతం. ప్రాణం తగ్గించిన బ్లాకు కిందే ఆ నకలు చెరిపేసే బ్లాకు పెడితే సర్దుకుంటుంది. ఈ తప్పు ముందే చెప్పి ఆపకండి. పిల్లల్నే చెయ్యనిచ్చి, ఎందుకు పోయాయో చెప్పమనండి. స్క్రాచ్‌లో మాకు బాగా నచ్చేది ఇదే, తప్పు కళ్లెదురుగా తెర మీద కనబడుతుంది, మౌస్ పిల్లల చేతిలోనే ఉంటుంది.

నాలుగో పూట కొబ్బరికాయలు. గుర్రపుడెక్క బొమ్మ మీద కుడి బటన్ నొక్కి డూప్లికేట్ చేసి, బొమ్మ మార్చి, ప్రాణం తగ్గే చోట స్కోరు పెరిగేలా పెట్టండి. స్కోరు వేరియబుల్ (మారే లెక్కని దాచుకునే డబ్బా) చేసేటప్పుడు 'ఫర్ ఆల్ స్ప్రైట్స్' (అన్ని బొమ్మలకీ) ఎంచుకోవాలి, లేకపోతే ఒక్కో బొమ్మకీ దాని లెక్క దానికే ఉంటుంది. జెండా నొక్కగానే స్కోరు సున్నా, ప్రాణాలు 3 అయ్యేలా పెట్టడం మరవొద్దు, లేదంటే పాత ఆట మార్కులు కొత్త ఆటలో కనబడతాయి. కాయ దొరికినప్పటి అరుపు పిల్లల గొంతుతోనే మైకులో రికార్డు చేయించండి. పది ఆటలకి సరిపడా హుషారు ఆ ఒక్క అరుపులో ఉంటుంది.

ఇక ఫిర్యాదులు. అప్లికేషన్ తనంతట తాను భద్రం చేసుకోదు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద, ఈదురుగాలికి కరెంటు పోయిందంటే పూటంతా చేసింది పోయినట్టే. పది నిమిషాలకోసారి ఫైల్ మెనూలోంచి సేవ్ చేయించండి, పేరు మారుస్తూ పడవ1, పడవ2 అని పెడితే వెనక్కి వెళ్లడం తేలిక. సైటులో ఖాతా పెట్టి చేస్తే దానంతట అదే సేవ్ అవుతుంది గానీ నెట్ నిలకడగా ఉండాలి. ఖాతా పేరులో పిల్లల అసలు పేరు, ఊరు, బడి పెట్టకండి.

ఫోన్‌లో చేయలేకపోయినా ఆడించడం కుదురుతుంది. ఖాతాలోంచి ఆటని షేర్ చేసి లింకు పంపితే ఫోన్ బ్రౌజరులో తెరుచుకుంటుంది. బాణం కీలు ఉండవు కాబట్టి, పడవ కోసం రాసిన ఇఫ్‌లు రెండూ తీసేసి, ఫరెవర్‌లో 'సెట్ వై టు మౌస్ వై' ఒక్కటే పెట్టండి. అమలాపురంలో చేసిన పడవని నరసాపురంలో ఉన్న తాతగారు అప్పుడు వేలితోనే నడపొచ్చు.