కొత్తగా దిగిన ఈవీయా, కుదురుకున్న మోడలా, పెట్రోలేనా?

మా బావమరిది మొన్న ఆదివారం షోరూం నుంచే వీడియో కాల్ చేశాడు. వెనకాల సేల్స్ కుర్రాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "బావా, 21 వేలు కడితే బుకింగ్ అయిపోతుందంట. కట్టెయ్యనా?" అంటూ ఫోన్ తిప్పి ఆ ఎలక్ట్రిక్ కారు లోపలి స్క్రీన్లన్నీ చూపించాడు. ఈ చివర నుంచి ఆ చివరకి స్క్రీనే. నేను అడిగింది ఒక్కటే: "బండి రాత్రిపూట ఎక్కడ పెడతావ్ బామ్మర్దీ?" కాసేపు మాట లేదు. "పార్కింగ్ స్లాట్లో పాత బండి ఉంది కదా బావా, ఇది గేటు బయట పెడతా" అన్నాడు.

నేను పెట్రోల్ కారు అమ్మేసి ఎలక్ట్రిక్ కొని 8 నెలలైంది. అప్పటి నుంచి లిఫ్టులో, ఆఫీసు క్యాంటీన్లో, చివరికి పెళ్లి భోజనాల బంతిలో కూడా ఇదే ప్రశ్న. కొత్తగా దిగినవి తీసుకోవచ్చా, నీలాగా పాత మోడలే మేలా, అసలు పెట్రోలే కొనుక్కోమంటావా అని. విడివిడిగా చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది కాబట్టి ఒకేసారి రాసేస్తున్నాను.

కొత్తవి అంటే నా లెక్కలో 2024 చివరి నుంచి వరసగా దిగినవి. ఆ నవంబరులో మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ వచ్చాయి. 2025 జనవరిలో హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్, జూన్‌లో టాటా హారియర్ ఈవీ, నవంబరులో ఏడు సీట్ల ఎక్స్‌ఈవీ 9ఎస్. కుదురుకున్నది అంటే నేను కొన్న టాటా నెక్సాన్ ఈవీ లాంటిది. ఆ పేరు 2020 జనవరి నుంచి రోడ్ల మీద ఉంది, 45 యూనిట్లు పట్టే బ్యాటరీ 2024 సెప్టెంబరులో వచ్చింది. కిలోవాట్ అవర్ అన్నా, కరెంటు బిల్లులో యూనిట్ అన్నా ఒకటే. బ్యాటరీని యూనిట్లలో చెప్పుకుంటే ఇంట్లో వాళ్లకి కూడా అర్థమవుతుంది.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి ఎలక్ట్రిక్ కార్లకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా తీసేశారు, 2026 డిసెంబరు 31 దాకా. అదే 18 లక్షల పెట్రోల్ కారు కొంటే ట్యాక్సే 3 లక్షలు దాటుతుంది. ఇది చిన్న విషయం కాదు. అయితే కొత్త ఈవీకైనా పాత ఈవీకైనా మినహాయింపు ఒకటే, కాబట్టి ఆ రెండింటి మధ్య తగువు దీంతో తెగదు. షోరూముల్లో మాత్రం ఈ తేదీని పాశుపతాస్త్రంలా వాడుతున్నారు. వెయిటింగ్ ఉన్న మోడల్ అయితే జాగ్రత్త: లెక్కలోకి వచ్చేది రిజిస్ట్రేషన్ అయిన తేదీ, మీరు అడ్వాన్స్ కట్టిన తేదీ ఎవరికీ అక్కర్లేదు. ఇంకో మాట, ఈవీ లోన్ వడ్డీ మీద లక్షన్నర దాకా ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు ఉందని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. అది 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే.

నడిపే ఖర్చు నా బండిదే చెబుతాను. హైదరాబాద్‌లో నిజాంపేట నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి రానూపోనూ 40 కిలోమీటర్లు, నెలకి సుమారు 1,000. సిటీలో యూనిట్‌కి 7 కిలోమీటర్లు వస్తోంది. ఛార్జింగ్‌లో పోయేది కూడా కలుపుకుంటే నెలకి 160 యూనిట్లు. మా ఇంటి బిల్లు ఎలాగూ పై స్లాబుల్లోనే ఉంటుంది కాబట్టి యూనిట్ 9.50 వేసుకున్నా 1,520 రూపాయలు. పాత పెట్రోల్ బండి ఈ ట్రాఫిక్‌లో లీటరుకి 12 ఇచ్చేది. లీటరు 107 లెక్కన 9 వేలకి కాస్త తక్కువ. బయట ఫాస్ట్ ఛార్జర్ దగ్గర యూనిట్ 20 పైన పడినా నెలకి మూడున్నర వేలు దాటదు. అంటే ఇంట్లో ఛార్జింగ్ పాయింట్ లేకపోయినా డబ్బు పరంగా ఈవీయే గెలుస్తుంది. చాలామంది ఈ లెక్క దగ్గరే ఆగిపోయి బుక్ చేసేస్తారు.

లెక్కలోకి రాకుండా పోయేది సాయంత్రాలు. మా టీంలో ఒకతను ఇంట్లో పాయింట్ లేకుండానే పెద్ద బ్యాటరీ కారు కొన్నాడు. వారానికోసారి ఛార్జర్ వెతుక్కుంటే చాలనుకున్నాడు. మొదటి నెల సరదాగానే ఉంది. తర్వాత ఏ గురువారం సాయంత్రం చూసినా యాప్ తెరిచి ఏ గన్ (కారుకి తగిలించే ఛార్జర్ ప్లగ్గు) ఖాళీగా ఉందో వెతకడమే. ఖాళీ అని చూపించిన చోటికి వెళ్తే ఎవరో పెట్రోల్ బండి అడ్డంగా పెట్టి పోయుంటారు, లేదా గన్ పని చేయదు. గంటసేపు మాల్‌లో తిరిగి వంద రూపాయల కరెంటు ఆదా కోసం ఆరు వందల పాప్‌కార్న్ కొన్నానని వాళ్లావిడ ముందే చెప్పాడు. ఆమె నవ్వలేదు.

అందుకే నా దృష్టిలో కొత్తదా పాతదా అన్న ప్రశ్న షోరూంలో తెగేది కాదు, మీ అపార్ట్‌మెంట్ స్టిల్ట్‌లో, అంటే కింది పార్కింగ్‌లో తెగాలి. స్లాట్లో పాయింట్ వస్తే 45 యూనిట్ల బ్యాటరీ సిటీకి ఎక్కువే. అది రాకపోతే 79 యూనిట్ల పెద్ద బ్యాటరీది కొన్నా ఆ గురువారం సాయంత్రం పది రోజులకి వాయిదా పడుతుంది, అంతే.

మా దగ్గర పాయింట్ ఎలా వచ్చిందో చెబుతాను, ఎందుకంటే అడిగేవాళ్లలో సగం మంది ఇక్కడే ఆగిపోయారు. అసోసియేషన్ గ్రూపులో నేను మెసేజ్ పెట్టిన పది నిమిషాలకి 302 అంకుల్ ఒక పాత వార్త లింకు పెట్టారు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి, పైనున్న లాడ్జిలో 8 మంది చనిపోయిన సంగతి. ఆ భయాన్ని నేను తీసిపారేయలేదు. అది జరిగింది మన ఊళ్లోనే. ఆదివారం మీటింగ్‌లో ఆయన పక్కనే కూర్చుని, సెల్లార్‌లో బోలెడు స్కూటర్లు కుక్కి పెట్టడానికీ, గాలి ఆడే స్టిల్ట్‌లో ఒక కారు గీజరంత లోడుతో ఛార్జ్ అవడానికీ తేడా చెప్పాను. విడిగా కేబుల్, లోడు మించితే పడిపోయే ఎంసీబీ విడిగా, షాక్ కొడితే పడిపోయే ఆర్‌సీసీబీ పెట్టిస్తానన్నాను. పక్కనే ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ కూడా నా ఖర్చుతోనే అన్నాను. అంకుల్ అంతా విని, "అది సరే బాబూ, బిల్లు మాత్రం కామన్ మీటర్ మీద పడదు కదా?" అన్నారు. అసలు అడ్డంకి అదన్నమాట.

పడదు. మన ఫ్లాట్ మీటర్ నుంచే లైను లాగుకోవాలి. ఉన్న కనెక్షన్‌తోనే సొంత బండి ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల్లోనే చెప్పింది. ఆ కాగితం ప్రింట్ తీసి ప్రెసిడెంట్ గారి చేతిలో పెట్టండి, వాదన సగం తగ్గుతుంది. మా మీటర్ బోర్డు మెట్ల కింద ఉంది, అక్కడి నుంచి నా స్లాటుకి 22 మీటర్లు. కేబుల్, పైపు, కూలీ అన్నీ కలిపి నాకు 14 వేలయ్యాయి. బోర్డు నుంచి మీ స్లాట్ దూరమైతే అదీ పెరుగుతుంది. టేపు పెట్టి కొలుచుకున్నాకే కారు సంగతి ఆలోచించండి.

ఇక్కడే కొత్త కార్లకీ పాతదానికీ అసలు తేడా బయటపడుతుంది. మామూలు 15 ఆంపుల సాకెట్ ఇచ్చేది 3 కిలోవాట్లకి కాస్త పైన. హారియర్ ఈవీలో పెద్ద బ్యాటరీ 75 యూనిట్లు, బీఈ 6లో 79. దాన్ని ఆ సాకెట్ మీద సున్నా నుంచి నింపాలంటే పూర్తి రోజు దాటిపోతుంది. నా 45కి రాత్రి పదింటికి పెడితే పొద్దున్న ఏడింటికి సగం పైన నిండుతుంది, నా నాలుగైదు రోజుల తిరుగుడికి అది చాలు. పెద్ద బ్యాటరీని రాత్రికి రాత్రి నింపాలంటే 7.2 కిలోవాట్ల ఛార్జర్ బాక్సు కావాలి. దానికి ఫ్లాట్ శాంక్షన్డ్ లోడ్ (కరెంటు వాళ్లు మన మీటర్‌కి మంజూరు చేసిన లోడ్) పెంచుకోవాలి. పది ఫ్లాట్ల వాళ్లు అదే పని చేస్తే ట్రాన్స్‌ఫార్మర్ సంగతి ఏంటని లైన్‌మ్యాన్ అడుగుతాడు, అడిగాడు కూడా. పెద్ద బ్యాటరీకి డబ్బు పెట్టి, అందులో సగం ఎప్పుడూ వాడకుండా మోసుకు తిరగడం నాకు నచ్చలేదు.

కొత్తవాటి గొప్ప ఒప్పుకోవాల్సిందే. మహీంద్రావి మొదటి నుంచీ ఎలక్ట్రిక్ కోసమే గీసిన కార్లు. 79 యూనిట్ల బీఈ 6 తగిన ఛార్జర్ దొరికితే 20 నుంచి 80 శాతానికి 20 నిమిషాలు చాలని కంపెనీ చెబుతుంది. నెక్సాన్‌లో నేను 10 నుంచి 80కి 40 నిమిషాల పైనే కూర్చుంటాను. వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుంటే నా కారు ఇరుకని మా అత్తగారు మొహం మీదే చెప్పారు. నెలనెలా తిరుపతికో, విశాఖకో పోయేవాళ్లయితే కళ్లు మూసుకుని పెద్దదే కొనండి.

కానీ దిగిన మొదటి ఆరు నెలల్లో వద్దంటాను. మా వెనక బ్లాకులో ఒకాయన ఒక కొత్త మోడల్ మొదటి బ్యాచ్‌లో తీసుకున్నారు. ఔటర్ రింగ్ రోడ్డు మీద కోకాపేట దాటాక స్క్రీన్ నల్లబడింది. బండి నడుస్తోంది, ఏసీ తగ్గించడానికి మాత్రం బటన్ లేదు. పిల్లకి చలి. సర్వీస్ సెంటర్‌కి మూడు సార్లు తిరిగాక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చి కుదురుకుంది. ఇప్పుడాయన ఆ కారంటే ప్రాణం పెడతారు. అంటే కారు చెడ్డదని కాదు. ఆ మూడు తిరుగుళ్లు ఎవరో ఒకరు తిరగాలి, అది మీరెందుకు అవ్వాలి? నేను కొన్న మోడల్‌కి ఆ తిరుగుళ్లు నాకంటే ముందువాళ్లు తిరిగేశారు. ఏ శబ్దం వస్తే ఏ బుష్ మార్చాలో మెకానిక్‌కి నేను చెప్పకముందే తెలుసు.

పెట్రోల్ ఎవరికంటే మా బావమరిది లాంటి వాళ్లకి, గేటు బయట బండి పెట్టేవాళ్లకి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్‌టీ 18 శాతానికి దిగింది. నెలకి 500 కిలోమీటర్లు కూడా తిరగకపోతే నాలుగు మీటర్ల లోపు పెట్రోల్ కారు హాయి.

మిగతావి క్లుప్తంగా. బ్యాటరీ అద్దె పథకం (కారు కొని, బ్యాటరీకి తిరిగిన కిలోమీటర్ల లెక్కన కట్టడం), ఎంజీ విండ్సర్‌తో 2024 సెప్టెంబరులో కిలోమీటరుకి 3.50తో మొదలైంది. చేతిలో డబ్బు తక్కువైతే సరే, ఎక్కువ తిరిగేవాళ్లకి గిట్టదు. సెకండ్ హ్యాండ్ ఈవీ అయితే, గొప్పగా చెప్పే జీవితకాల బ్యాటరీ వారంటీ మొదటి ఓనర్‌కే అని గుర్తుంచుకోండి. ఇంకా మంచి బ్యాటరీ వచ్చేదాకా ఆగుతానంటే, ఆగండి, వస్తూనే ఉంటాయి.

చివరగా అందరూ అడిగేది "మరి ఊరికి పోతే?" మా ఊరు కోదాడ దగ్గర, ఇంటి నుంచి సుమారు 200 కిలోమీటర్లు. ఫుల్ ఛార్జింగ్‌కి 489 కిలోమీటర్లని కంపెనీ కాగితం మీద రాస్తుంది. విజయవాడ హైవే మీద ఏసీతో, వందలో పోతే నాకు 280 అటూ ఇటూ వస్తోంది. సంక్రాంతికి పంతంగి టోల్ దగ్గర గంటన్నర ఇరుక్కున్నాం, బ్యాటరీ ఏమంత దిగలేదు. సూర్యాపేటలో ఛార్జర్ దగ్గర బారులు తీరిన కార్లని చూస్తూ ఆగకుండా పోయాను. ఇల్లు చేరేసరికి 24 శాతం ఉంది.

అసలు చిక్కు ఇంటి దగ్గర వచ్చింది. వసారాలో మోటారు సాకెట్‌కి వైరు పెడితే ఛార్జర్ మీద ఎర్ర లైటు. ఇరవయ్యేళ్ల కింద వేసిన ఎర్తింగ్, ఎప్పుడో ఎండిపోయింది. పొద్దున్నే ఎలక్ట్రీషియన్ వచ్చి బాయి పక్కన గొయ్యి తవ్వి, బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా పోసి, కొత్త పైపు దించాడు. మధ్యాహ్నానికి పచ్చ లైటు వెలిగింది. నాన్న అంతసేపూ కుర్చీ వేసుకుని చూస్తూనే ఉన్నాడు. ఇప్పుడు ఫోన్ చేసినప్పుడల్లా, సాయంత్రం మొక్కలకి పోసేటప్పుడు ఆ గొయ్యిలో కూడా ఒక చెంబు పోశానని చెబుతాడు.