అలల మీది రంగులకు పోలరైజర్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

పోలరైజర్ ఫిల్టర్ (లెన్స్ ముందు బిగించి తిప్పుకునే, ఒక దిశలో కంపించే వెలుగునే లోపలికి పంపే గాజు) ఎందుకని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే: నీటి మీద మెరుపు పోగొట్టడానికి. నేను మాత్రం ఆ మెరుపు కోసమే వాడుతున్నాను. కదిలే నీళ్లలో చెదిరిపోయే రంగుల నీడల్ని, అంటే ప్రతిబింబాల్ని, అబ్‌స్ట్రాక్ట్ ఫోటోలుగా తీయడం నాకు ప్రాణం. 77 మిల్లీమీటర్ల సర్క్యులర్ పోలరైజర్ ఒకటి కొన్నేళ్లుగా నా 70-200 ఎంఎం జూమ్ లెన్స్ మీదే ఉంటోంది. ఈ పనికి లెన్స్ తర్వాత ఇంతగా అక్కరకొచ్చిన వస్తువు నా బ్యాగులో ఇంకోటి లేదు.

నీటి పైపొర నుంచి తిరిగొచ్చే వెలుగు ఎక్కువగా అడ్డ దిశలో కంపిస్తుంది. నీటి లోపలి నుంచి వచ్చే మట్టిరంగు, పాచిరంగు వెలుగుకు అలాంటి దిశ పెద్దగా ఉండదు. ఫిల్టర్‌ని అడ్డ దిశకు తిప్పితే నీడ దాదాపు చెక్కుచెదరకుండా వస్తుంది, లోపలి మురికి వెలుగు మాత్రం సగానికి పడిపోతుంది. ఫిల్టర్ లేకపోతే ఇటుక రంగులోకి జారిపోయే ఎర్ర పడవ నీడ, ఇలా తీస్తే ఎర్రగానే ఉంటుంది. తర్వాత కంప్యూటర్‌లో శాచురేషన్ (రంగు గాఢత) ఎంత పెంచినా ఈ తేడా రాదు, ఎందుకంటే అక్కడ మురికి కూడా రంగుతో పాటే పెరుగుతుంది.

ఇంకోవైపు తిప్పితే కథ మారుతుంది, నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే. నిలకడ నీటిని నిలువు గీత నుంచి సుమారు 53 డిగ్రీల కోణంలో చూసినప్పుడు పోలరైజర్ ప్రతిబింబాన్ని దాదాపు పూర్తిగా తుడిచేస్తుంది. అలలు ఉంటే ఒక్కో వాలుది ఒక్కో కోణం. ఎండలో పసుపు గోడ, దానిపైన నీలాకాశం ఉన్నాయనుకోండి. అలలో మనవైపు వాలు పైనున్న ఆకాశాన్ని పట్టుకుంటుంది, అవతలి వాలు గోడని పట్టుకుంటుంది. కెమెరాని 25 డిగ్రీలు కిందికి వంచి ఫిల్టర్ మెల్లగా తిప్పుతుంటే, ఆ 53 డిగ్రీల కోణానికి దగ్గరగా ఉండే మనవైపు వాలు మీది నీలం ఆరిపోయి నల్లబడుతుంది, పసుపు ఎంతోకొంత మిగులుతుంది. నీలం, పసుపు కలిసిన ఫ్రేమ్ కాస్తా కళ్లముందే నలుపు మీద పసుపు గీతలైపోతుంది. ఒకే చోట, ఒకే వెలుగులో రెండు వేర్వేరు ఫోటోలు! 1808లో పారిస్‌లో ఎతియెన్ లూయీ మాల్యుస్ అనే భౌతిక శాస్త్రవేత్త కూడా లక్సెంబర్గ్ ప్యాలెస్ కిటికీ అద్దాల మీది సూర్యుడి వెలుగును స్ఫటికంలోంచి చూస్తూనే ప్రతిబింబానికి ఈ గుణం ఉందని గమనించాడు. రింగు తిప్పినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు.

ఇక ఇబ్బందులు. ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుగు తినేస్తుంది (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమైనట్టు). చిన్న అలల్ని ఆపాలంటే షట్టర్ 1/500 నుంచి 1/1000 సెకను దాకా కావాలి, కాబట్టి సాయంత్రాల్లో ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా సున్నితత్వం) 1600 దాటక తప్పదు. రంగులు కుంచెతో లాగినట్టు రావాలని 1/8కి దిగినప్పుడు మాత్రం ఈ లోటే లాభం. కెమెరాని నిలువుగా తిప్పితే ఫిల్టర్ కూడా దాంతోపాటు తిరుగుతుంది, మళ్లీ సరిచేయాలి. అందుకే రింగు అంచున తెల్ల పెయింట్‌తో చుక్క పెట్టాను. చుక్క ఎక్కడుంటే నీడ బలంగా ఉంటుందో చేతికి అలవాటైపోయింది. లెన్స్ హుడ్ ఉంటే వేలు రింగుకు అందదు, నేను హుడ్ తీసేసే తీస్తాను.

మన్నిక బాగుంది. నీటి తుంపరలు పడి ఆరిన మరకలు తడిబట్టతో పోతున్నాయి, కోటింగ్ ఊడలేదు. రింగులో ఇసుక చేరితే మాత్రం గరగరమంటుంది, బ్లోయర్‌తో ఊదాలి.

ఎరుపు, నారింజ రంగుల దగ్గర జాగ్రత్త. ఫిల్టర్ వల్ల రంగు గాఢమై రెడ్ ఛానల్ ముందే కాలిపోతుంది, అంటే ఎరుపులోని వివరాలు పోతాయి; మామూలు హిస్టోగ్రామ్‌లో (వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్‌లో) అది కనిపించదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్ని విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ చూసి మూడింట రెండు వంతుల స్టాపు తగ్గించి తీస్తాను. వైట్ బ్యాలెన్స్ డేలైట్‌లో ఉంచాలి, ఆటోలో పెడితే కెమెరా ఉన్న రంగుని చదును చేసేస్తుంది. ఆటోఫోకస్ అలల మీద తడుముకుంటుంది. నీడలోని వస్తువు నీటి ఉపరితలం కంటే చాలా దూరంలో ఉన్నట్టు లెక్క కాబట్టి, లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/8కి పెట్టి మాన్యువల్‌గా అల అంచు మీద ఫోకస్ చేయడం నయం.

వస్తువు ఎండలో, నీళ్లు చెట్టు నీడలోనో గోడ నీడలోనో ఉన్నప్పుడు ఈ ఫిల్టర్ విలువ పూర్తిగా తెలుస్తుంది. మబ్బు పట్టి ఆకాశం తెల్లగా ఉంటే, ఆ తెలుపే నీళ్లంతా పరుచుకుంటుంది, ఎంత తిప్పినా రంగు పుట్టదు. రాత్రి దీపాల నీడలకైతే అసలు పెట్టొద్దు. ఉన్న కాస్త వెలుగూ పోతుంది, పైగా ఫిల్టర్ గాజు మీద తిరిగి పడే దీపాల దెయ్యపు ముద్రలు ఫ్రేమ్‌లో తేలతాయి.

కొనేటప్పుడు మీ లెన్సుల్లో పెద్దదాని సైజుకే కొనండి, చిన్నవాటికి స్టెప్-అప్ రింగు (పెద్ద ఫిల్టర్‌ని చిన్న లెన్స్‌కి బిగించే రింగు) సరిపోతుంది. ఫోకస్ చేస్తే ముందు గాజు తిరిగే పాత కిట్ లెన్స్ అయితే ముందు ఫోకస్ ఖాయం చేసుకుని, ఆ తర్వాతే ఫిల్టర్ తిప్పాలి.