చాట్‌వూట్ విడ్జెట్: బెజవాడ, గుంటూరు వెబ్‌సైట్లకు ఎంతవరకు అక్కరకొస్తుంది?

లాగిన్ ఉన్న వెబ్ అప్లికేషన్, వచ్చిన ప్రశ్నకు జవాబు చెప్పే ఇద్దరు ముగ్గురు మనుషులు, సర్వర్ సంగతి చూసుకునే ఒక డెవలపర్ ఉన్నచోట చాట్‌వూట్ నిక్షేపంగా పెట్టుకోవచ్చు. ఇది సైట్ మూలన గుండ్రం బటన్‌గా కనిపించి, నొక్కితే చాట్ తెరిచే సాఫ్ట్‌వేర్; ఆ చాట్‌కి జవాబిచ్చేది మన మనుషులే. డెవలపర్ లేకపోతే చాట్‌వూట్ కంపెనీ తన సర్వర్ల మీదే నడిపే క్లౌడ్ వెర్షన్‌కి నెలనెలా కట్టుకోవడం నయం. జవాబు చెప్పే మనుషులే లేకపోతే మాత్రం ఏ విడ్జెటూ వద్దు. సైట్‌లో ఒక వాట్సాప్ లింకు పెట్టి ఊరుకోండి. బీసెంట్ రోడ్డులో షాపు, కౌంటర్‌లో ఒక్క ఫోను, అంతా చూసుకునేది ఓనరే అయితే ఈ రివ్యూ ఇక్కడితో ఆపేయవచ్చు.

చాట్‌వూట్ ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. అసలు కోడ్ అంతా ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఎంఐటీ లైసెన్స్ కింద ఉంది, ఎంటర్‌ప్రైజ్ ఫోల్డర్ ఒక్కదానికే వేరే లైసెన్స్. ఎస్‌ఎల్‌ఏ (ఇంతసేపట్లో జవాబివ్వాలన్న గడువు), ఆడిట్ లాగ్స్ (ఎవరేం మార్చారో చూపే చిట్టా), క్యాప్టెన్ అనే ఏఐ అసిస్టెంట్ లాంటివి ఆ డబ్బు కట్టే వైపు ఉంటాయి. చిన్న కంపెనీకి వాటితో పని పడదు. మరి టాక్ డాట్ టూ అనే ఇంకో చాట్ విడ్జెట్ ఉచితంగా దొరుకుతుంటే, సర్వర్ గొడవ కూడా లేకుండా పోతుంటే దీన్నెందుకు నెత్తిన పెట్టుకోవాలి? డేటా కోసం. గుంటూరు కొత్తపేటలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ వాళ్ల సైట్‌లో చాట్ పెడితే జనం ముందుగా పంపేది ప్రిస్క్రిప్షన్ ఫోటో. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చాక అలాంటి ఫోటో ఎక్కడుంది, ఎవరు చూస్తున్నారు, అడిగితే తీసేయగలరా అన్నదానికి సమాధానం మన దగ్గర ఉండాలి. చాట్‌వూట్‌ని అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్‌లోనో ముంబైలోనో మన సొంత సర్వర్ మీద నడుపుకుంటే ఆ సమాధానం చెప్పడం తేలిక.

విడ్జెట్ తగిలించడం నిజంగా ఐదు నిమిషాల పనే. సెట్టింగ్స్‌లో ఇన్‌బాక్సెస్‌కి వెళ్లి, కొత్త ఇన్‌బాక్స్‌కి వెబ్‌సైట్ రకం ఎంచుకుని, పేరు, డొమైన్, రంగు, పలకరింపు మాట ఇచ్చి, ఏజెంట్లను చేరిస్తే చివర్లో చిన్న స్క్రిప్ట్ ఇస్తుంది. దాన్ని బాడీ ట్యాగ్ మూసే ముందు అతికించాలి. అందులో మారేవి బేస్ యూఆర్‌ఎల్, వెబ్‌సైట్ టోకెన్ రెండే. టోకెన్ పేజీ సోర్స్‌లో కనిపిస్తోందని కంగారు అక్కర్లేదు, అది దాచాల్సినది కాదు. రియాక్ట్, వ్యూ అప్లికేషన్లలో ఈ స్క్రిప్ట్‌ను అన్నిటికీ పైన ఉండే లేఅవుట్‌లో ఒక్కసారే లోడ్ చేయాలి, పేజీ కాంపోనెంట్లలో కాదు. ఎడమవైపా కుడివైపా, ఏ భాష, గుండ్రం కనపడాలా వద్దా అన్న సెట్టింగ్స్ ఆబ్జెక్ట్ స్క్రిప్ట్ కన్నా ముందే ఉండాలి, తర్వాత రాస్తే పట్టించుకోదు.

స్క్రిప్ట్ పెట్టినా గుండ్రం రాలేదంటే ముందు చూడాల్సింది కంటెంట్ సెక్యూరిటీ పాలసీ, అంటే మన పేజీలోకి ఏయే డొమైన్ల నుంచి ఏమేం రావచ్చో బ్రౌజర్‌కి చెప్పే జాబితా. స్క్రిప్ట్‌కి చాట్ సర్వర్ డొమైన్‌ను అనుమతించి, ఫ్రేమ్‌కి అనుమతించడం మర్చిపోతారు. చాట్ కిటికీ మొత్తం ఒక ఐఫ్రేమ్, అంటే మన పేజీలో కూర్చునే ఇంకో పేజీ. ఆ ఫ్రేమ్ లోడై తిరిగి కబురు పంపితేనే గుండ్రం గీస్తుంది. అందుకే బ్రౌజర్ డెవలపర్ టూల్స్ నెట్‌వర్క్ ట్యాబ్‌లో స్క్రిప్ట్‌కి 200 (సరిగ్గా వచ్చింది) అని ఉండి, పేజీ మీద మాత్రం ఏమీ ఉండదు. మన సైట్ హెచ్‌టీటీపీఎస్‌లో ఉండి, బేస్ యూఆర్‌ఎల్ ఉత్త హెచ్‌టీటీపీ అయినా ఇదే లక్షణం.

ఇక అసలు విషయం, లాగిన్ అయిన మనిషి ఎవరో విడ్జెట్‌కి చెప్పడం. చాట్‌వూట్‌ను ఉచిత విడ్జెట్ల కంటే మెట్టు పైన నిలబెట్టేది ఇదే, ఎక్కువమంది సగంలో వదిలేసేదీ ఇదే. సెట్‌యూజర్ అనే ఫంక్షన్‌కి మన డేటాబేస్‌లోని యూజర్ ఐడీ, పేరు, ఈమెయిల్, ఫోన్ ఇస్తాం. దీన్ని చాట్‌వూట్ రెడీ ఈవెంట్ వచ్చాకే పిలవాలి. తొందరపడి ముందే పిలిస్తే ఆ ఆబ్జెక్టే లేదని ఎర్రర్ ఇస్తుంది. ఫోన్ నంబర్ ముందు ప్లస్ 91 ఉండాలి, ఉత్త పది అంకెలు పంపితే తీసుకోదు.

అక్కడితో ఆపితే ప్రమాదం. బ్రౌజర్ కన్సోల్ తెరవడం తెలిసిన ఎవరైనా సెట్‌యూజర్‌కి పక్కవాడి ఐడీ ఇచ్చి పక్కవాడి చాట్ చదవవచ్చు. దానికి విరుగుడు ఐడెంటిటీ వాలిడేషన్. ఇన్‌బాక్స్ కాన్ఫిగరేషన్‌లో ఒక రహస్య కీ ఉంటుంది. యూజర్ ఐడీ మీద ఆ కీతో ఎస్‌హెచ్‌ఏ 256 హెచ్‌మ్యాక్ (కీ తెలిసినవాళ్లే తయారుచేయగల ముద్ర లాంటిది) కట్టి, వచ్చిన హ్యాష్‌ను సెట్‌యూజర్‌తో పాటు పంపాలి. హ్యాష్ కట్టేది మన బ్యాకెండ్‌లో, అంటే సర్వర్ వైపు. బ్రౌజర్‌లోకి వెళ్లే ఫ్రంటెండ్ కోడ్‌లో కట్టారంటే కీని ఊరందరికీ పంచినట్టే, తాళం వేసి తాళంచెవి గుమ్మానికే వేలాడదీసినట్టు. హ్యాష్ సరిపోవట్లేదంటే చాలావరకు కారణం చిన్నదే: ఒకవైపు ఐడీ, ఇంకోవైపు ఈమెయిల్ మీద కట్టడం, లేదా కీ కాపీ చేసేటప్పుడు చివర ఖాళీ అంటుకోవడం. హ్యాష్‌లు సరిపోతున్నాయని చూసుకున్నాక వాలిడేషన్ తప్పనిసరి చేసే బటన్ కూడా ఆన్ చేయాలి. అది ఆన్ చేయకపోతే హ్యాష్ లేని రిక్వెస్టులనూ లోపలికి రానిస్తుంది, చేసిన పనంతా అలంకారం.

లాగౌట్ బటన్‌కి రీసెట్ ఫంక్షన్ కట్టడం ఇంకొకటి. విడ్జెట్ తన సెషన్‌ను కుకీలో పెట్టుకుంటుంది, మన లాగౌట్ సంగతి దానికి తెలియదు. మీసేవ సెంటర్‌లోనో ఇంటర్నెట్ షాపులోనో ఒకే కంప్యూటర్‌లో ఒకరి తర్వాత ఒకరు కూర్చునేచోట, ముందు మనిషి చాట్ తర్వాతి మనిషికి తెరుచుకుంటుంది.

ఐడెంటిటీ సరిగ్గా కుదిరాక ఫలితం చూడాలంటే మిర్చి కమిషన్ వ్యాపారం వెబ్ అప్లికేషన్ మంచి ఉదాహరణ. "డబ్బు ఇంకా పడలేదు" అని మెసేజ్ రాగానే పక్క ప్యానెల్‌లో లాట్ నంబర్, మిర్చి రకం తేజానా 334ఆ, ఎన్ని టిక్కీలు (బస్తాలు) అన్నీ కనిపిస్తే ఏజెంట్ ఎదురు ప్రశ్నలు వేయక్కర్లేదు. ఇవి కస్టమ్ అట్రిబ్యూట్స్‌గా, అంటే మనం పేరు పెట్టుకునే అదనపు వివరాలుగా పంపాలి, ముందు సెట్టింగ్స్‌లో వాటి పేర్లు నిర్వచించాలి. ఇందులో ఒక తేడా గమనించాలి. మనిషికి చెందిన వివరం వేరు, సంభాషణకు చెందిన వివరం వేరు, రెండిటికీ వేర్వేరు ఫంక్షన్లు ఉన్నాయి. ఊరు, భాష మనిషికి వెళ్లాలి. లాట్ నంబర్ సంభాషణకు వెళ్లాలి. దాన్ని మనిషికి తగిలిస్తే వచ్చే వారం లాట్ వచ్చేసరికి పాతది చెరిగిపోయి, పాత గొడవ ఏ లాట్‌దో ఎవరికీ అంతుపట్టదు.

సర్వర్ విషయానికొస్తే లోపల రూబీ ఆన్ రైల్స్ అప్లికేషన్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, రెడిస్, వెనక క్యూలో ఉన్న పనులు చేసే సైడ్‌కిక్ నడుస్తాయి. 4 జీబీ ర్యామ్, 2 కోర్లు ఉన్న ఉబుంటు మెషీన్ తీసుకోవాలి. 2 జీబీతో నెట్టుకురావచ్చని ఆశపడితే మామూలు రోజుల్లో నడుస్తుంది, అప్‌గ్రేడ్ రోజున ఫ్రంటెండ్ ఫైళ్లు బిల్డ్ అవుతుండగా మెమరీ అయిపోయి చస్తుంది. దానికి ఎదురుగా ఎన్‌జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ పెట్టి, బయటి రిక్వెస్టులను పోర్ట్ 3000కి మళ్లించాలి. ఆ కాన్ఫిగ్‌ను సొంతంగా రాసుకునేవాళ్లు మూడుచోట్ల దెబ్బతింటారు. మొదటిది, ఎన్‌జిన్ఎక్స్ తనంతట తాను 1 ఎంబీ దాటిన అప్‌లోడ్‌ను 413 ఎర్రర్‌తో తిప్పికొడుతుంది, ఈ రోజుల్లో ఫోన్ కెమెరా ఫోటో అంతకన్నా పెద్దదే. మంగళగిరి చీర ఫోటో పంపి "ఇదే అంచు, వేరే రంగు ఉందా" అని అడిగే కస్టమర్‌కి ఫోటో వెళ్లదు, ఎందుకు వెళ్లలేదో తెలియదు. రెండోది, హెడర్ (రిక్వెస్టుతో పాటు వెళ్లే వివరం) పేరులో అండర్‌స్కోర్ ఉంటే ఎన్‌జిన్ఎక్స్ దాన్ని చెప్పకుండా పారేస్తుంది. చాట్‌వూట్ ఏపీఐ టోకెన్ హెడర్‌లో అండర్‌స్కోర్లు ఉన్నాయి. టోకెన్ సరైనదే అయినా 401 (అనుమతి లేదు) వస్తుంటే కారణం ఇదే. అండర్‌స్కోర్లను ఒప్పుకునే సెట్టింగ్ ఆన్ చేస్తే సరి.

మూడోది వెబ్‌సాకెట్, అంటే కొత్త మెసేజ్ వెంటనే అందేలా బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య తెరిచే ఉండే కనెక్షన్. ఏజెంట్ పంపిన జవాబు కస్టమర్‌కి పేజీ రిఫ్రెష్ చేస్తేనే కనిపిస్తోందన్న ఫిర్యాదుకు మూలం రెండింటిలో ఒకటి, గుడ్డిగా రీస్టార్ట్ చేసే ముందు ఏదో తేల్చుకోవాలి. బ్రౌజర్ నెట్‌వర్క్ ట్యాబ్‌లో కేబుల్ అని ఉండే కనెక్షన్ చూడండి. కనెక్షన్ కుదిరిందని చెప్పే 101 రాకపోతే ఎన్‌జిన్ఎక్స్‌లో అప్‌గ్రేడ్, కనెక్షన్ హెడర్లు పంపడం లేదని అర్థం. 101 వచ్చి కూడా మెసేజ్ రాకపోతే సైడ్‌కిక్ ఆగిపోయింది, ఎందుకంటే మెసేజ్‌ను అవతలి స్క్రీన్‌కి తోసే పని కూడా సైడ్‌కిక్ క్యూలోంచే వెళ్తుంది. అప్పుడు ఈమెయిళ్లూ, ఫోన్ నోటిఫికేషన్లూ కూడా ఆగి ఉంటాయి.

ఈమెయిల్ గురించి రెండు ముక్కలు. క్లౌడ్ మెషీన్లలో పోర్ట్ 25 ఎక్కువగా మూసి ఉంటుంది కాబట్టి 587 మీద ఎస్‌ఎంటీపీ (మెయిల్ పంపే) సర్వీసు పెట్టుకోవాలి. చాట్‌వూట్ సొంత అడ్రసు రాసే ఫ్రంటెండ్ యూఆర్‌ఎల్ వేరియబుల్ తప్పుంటే పాస్‌వర్డ్ లింకులు ఎటో తెరుచుకుంటాయి.

అయితే మన ప్రాంతంలో చాట్ వదిలి వెళ్లిపోయిన కస్టమర్‌కి జవాబును ఈమెయిల్‌లో పంపడం అనే ఏర్పాటు ఉన్నా లేనట్టే. ఆ మెయిల్ ఎవరూ తెరవరు. చాట్‌కి ముందు వచ్చే ఫారంలో ఈమెయిల్ తీసేసి ఫోన్ నంబర్ తప్పనిసరి చేయండి, లేబుళ్లు తెలుగులో టైప్ చేయండి, హెడింగ్, పలకరింపు కూడా. వాట్సాప్‌ను ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కి కలిపే మెటా వాళ్ల వాట్సాప్ క్లౌడ్ ఏపీఐని ఇంకో ఇన్‌బాక్స్‌గా కలుపుకోవచ్చు, కానీ అది వేరే సంభాషణగా తెరుచుకుంటుంది, వెబ్ చాట్‌కి కొనసాగింపు కాదు. పైగా కస్టమర్ చివరి మెసేజ్ పెట్టి 24 గంటలు దాటితే మెటా ఆమోదించిన టెంప్లేట్‌తోనే పలకరించాలి.

పని వేళల సెట్టింగ్ దీనిలో బలహీనమైన చోటు. టైమ్ జోన్ కోల్‌కతాకి మార్చడం మరవకండి, మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే యూటీసీలో వదిలేస్తే షాపు తీశాక ఐదున్నర గంటల దాకా "ఇప్పుడు లేము" అనే చెబుతుంది. అది మన చేతిలో పని. మన చేతిలో లేనిది, రోజుకు ఒక్క తెరిచే సమయం, ఒక్క మూసే సమయమే ఇవ్వగలగడం. పొద్దున ఓపీ, సాయంత్రం ఓపీ ఉండి మధ్యాహ్నం మూసే క్లినిక్‌కి ఇది కుదరదు. పొద్దున నుంచి రాత్రి దాకా తెరిచినట్టు పెట్టి, మధ్యాహ్నం విరామం సంగతి పలకరింపు మాటలోనే రాసుకోవడం తప్ప దారి లేదు. సంక్రాంతికి మూడు రోజులు మూస్తే ఆ వారానికి చేత్తో మార్చి, మళ్లీ చేత్తో వెనక్కి తిప్పాలి.

ఆటోమేషన్ రూల్స్ మీద మరీ ఆశలు పెట్టుకోకండి. "ధర" అన్న మాట ఉంటే ఫలానా టీమ్‌కి పంపు అని రాస్తాం. మనవాళ్లు తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు, ఒక్క "రేటు ఎంత"నే నలుగురు నాలుగు స్పెల్లింగుల్లో రాస్తారు. రూల్ అక్షరాలను పోల్చడమే తప్ప అర్థం చూడదు. దానికన్నా స్లాష్ కొట్టగానే వచ్చే రెడీమేడ్ జవాబులు బాగా పనికొస్తాయి. డెలివరీ, వాపసు, కొలతలు, షాపు అడ్రసు, ఇలా ఓ పాతిక రాసి పెట్టుకుంటే కొత్తగా చేరిన అమ్మాయి కూడా మొదటిరోజే తడుముకోకుండా జవాబిస్తుంది.

చిన్న స్క్రీన్ మీద గుండ్రం చిరాకు. కిందికి 20 పిక్సెళ్ల ఎత్తులో 64 పిక్సెళ్ల గుండ్రం, అన్నిటికన్నా పై పొరలో కూర్చుంటుంది. కింద అతుక్కుని ఉండే "కార్ట్‌లో వేయి" పట్టీ ఉన్న షాపింగ్ సైట్లలో అది సరిగ్గా బటన్ మీదే పడుతుంది. గుండ్రాన్ని దాచే సెట్టింగ్ పెట్టి, మన మెనూలోనే "సహాయం" బటన్ చేసి, దానికి చాట్‌ను తెరిచి మూసే టాగుల్ ఫంక్షన్ కట్టడం శుభ్రమైన పద్ధతి.

ఏజెంట్ల ఫోన్‌కి ఆండ్రాయిడ్, ఐఫోన్ యాప్‌లు ఉన్నాయి, సొంత సర్వర్ అడ్రసు ఇచ్చి వాడుకోవచ్చు. నోటిఫికేషన్లు రావడం లేదంటే సర్వర్‌లో నోటిఫికేషన్లను ఫోన్‌కి చేరవేయించే పుష్ రిలే వేరియబుల్ చూడండి, తర్వాత ఫోన్‌లో బ్యాటరీ సేవర్ నుంచి యాప్‌ను మినహాయించండి. రెండోదే ఎక్కువసార్లు దోషి.

అప్‌గ్రేడ్‌కి ముందు డేటాబేస్ డంప్, స్టోరేజ్ ఫోల్డర్, ఎన్విరాన్‌మెంట్ ఫైల్ మూడూ వేరే మెషీన్‌కి కాపీ చేయాలి. స్టోరేజ్ ఫోల్డర్ మర్చిపోతే మెసేజ్‌లు తిరిగొస్తాయి, ఫోటోలు రావు. 3 నుంచి 4వ వెర్షన్‌కి వెళ్లేవాళ్లకు పోస్ట్‌గ్రెస్‌కి అదనంగా చేర్చే పీజీవెక్టర్ ఎక్స్‌టెన్షన్ తప్పనిసరి. డాకర్‌లో మామూలు పోస్ట్‌గ్రెస్ ఇమేజ్‌తో (రెడీమేడ్ ప్యాకేజీతో) నడుపుతుంటే, డేటాబేస్‌ను కొత్త వెర్షన్‌కి మార్చే మైగ్రేషన్ మధ్యలో వెక్టర్ ఎక్స్‌టెన్షన్ లేదని ఆగిపోతుంది. అదే పోస్ట్‌గ్రెస్ వెర్షన్‌కి పీజీవెక్టర్ ఉన్న ఇమేజ్ ముందు మార్చి, డేటా చక్కగా లేచిందని చూసుకుని, ఆ తర్వాత చాట్‌వూట్ ఇమేజ్ మార్చండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది చెడిందో పట్టుకోవడం కష్టం, అదీ షాపు మూసిన రాత్రి వేళ చేయాల్సిన పని.