ఫ్లాట్ టాప్స్‌లో ఎల్క్ వేట: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మిగుల్చుకోవాలి

ఎల్క్ వేటకు వెళ్దామనుకునే మనవాళ్ళు ఎవరు ఫోన్ చేసినా ముందు రైఫిల్ గురించే అడుగుతారు. ఏ కంపెనీది కొనాలి, స్కోప్ ఎంత పవర్‌ది ఉండాలి అని. మాంసం కొండ దిగే దారి ముందు చూసుకోండి అంటాను నేను. బాగా ఎదిగిన మగ ఎల్క్ 300 కిలోలు తూగుతుంది. ఇది పెద్ద జాతి జింక, నల్లమలలో తిరిగే కణుజుకు చుట్టమే. రోడ్డుకు మూడు నాలుగు మైళ్ళ అవతల, పదివేల అడుగుల ఎత్తున అది పడిందంటే, ఎముకలు తీసేసినా మోయవలసిన మాంసం ఎనభై కిలోలకు తగ్గదు. అక్టోబరు చివర మిత్రుడితో కలిసి అమెరికాలోని కొలరాడో కొండల్లో చేసిన ఈ ప్రయాణంలో ఏ ఖర్చు సార్థకమైందో, ఏది కాలేదో ఆ బరువును బట్టే చెబుతాను.

నేను డెన్వర్ దగ్గర ఉంటాను. మిత్రుడు డాలస్‌లో ఉంటాడు, అడవి పందుల వేటలో అనుభవం ఉన్నవాడు. టెక్సస్‌లో భూమి 90 శాతానికి పైగా ప్రైవేటువాళ్ళదే. అక్కడ వేట అంటే భూమి యజమానికి డబ్బు కట్టి గేటు తీయించుకోవడం. కొలరాడోలో మూడో వంతు భూమి ఫెడరల్ ప్రభుత్వానిది. మీకర్ పట్టణం దాటి కౌంటీ రోడ్డు 8 మీద తూర్పుకు వెళ్తూ అటవీ సరిహద్దు బోర్డు దాటాక, "అన్నా, ఇక్కడ ఎవరిని అడగాలి?" అన్నాడు. లైసెన్సు జేబులో ఉంటే ఎవరినీ అడగనక్కర్లేదని చెప్పాను. చాలాసేపు అతను కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు.

మేము ఎంచుకున్నది వైట్ రివర్ నేషనల్ ఫారెస్ట్‌లోని ఫ్లాట్ టాప్స్ ప్రాంతం, వేట యూనిట్ 24. అడవి మొత్తం 23 లక్షల ఎకరాలు. ఫ్లాట్ టాప్స్‌లో 2,35,000 ఎకరాలు 1975 నుంచి వైల్డర్‌నెస్, అంటే మోటారు బండి గాని, సైకిలు గాని, చివరికి మాంసం లాగే చక్రాల బండి గాని వెళ్ళకూడని చోటు. ఈ భూమి చరిత్ర తెలుసుకునే వెళ్ళాలి. ఇది యూట్ అనే ఆదివాసుల భూమి. 1879లో వైట్ రివర్ ఏజెన్సీ (యూట్‌ల వ్యవహారాలు చూసే ప్రభుత్వ కార్యాలయం) దగ్గర జరిగిన ఘర్షణలో ఏజెంటు నేథన్ మీకర్ చనిపోయాడు. ఆ తర్వాత రెండేళ్ళకు వైట్ రివర్ యూట్‌లను యూటాకు తరలించేశారు. పట్టణానికి మాత్రం మీకర్ పేరు మిగిలింది. 1891లో అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ ఈ పీఠభూమిని రిజర్వు అడవిగా ప్రకటించాడు. దేశంలో అలా ప్రకటించిన అడవుల్లో ఇది రెండోది. 1919లో ఇక్కడి ట్రాపర్స్ లేక్ అనే సరస్సు చుట్టూ రోడ్డు వేసి వేసవి ఇళ్ళకు స్థలాలు కొలవమని అటవీ శాఖ తన ఉద్యోగి ఆర్థర్ కార్‌హార్ట్‌ను పంపింది. ఆయన కొలిచి వచ్చి, ఇక్కడ ఏమీ కట్టకూడదని సిఫారసు చేశాడు. ఈనాటికీ ఆ ఒడ్డున విల్లాలు లేవు. ఆయన మీద నాకున్న గౌరవం ఇంతా అంతా కాదు.

లైసెన్సుల సంగతి త్వరగా చెబుతాను. రెండో, మూడో రైఫిల్ సీజన్లలో చాలా యూనిట్లకు మగ ఎల్క్ లైసెన్సు లాటరీ లేకుండా నేరుగా కొనుక్కోవచ్చు. విల్లుతో వేటాడే బయటి రాష్ట్రాల వారికి పశ్చిమ కొలరాడోలో ఆ వెసులుబాటు 2025 నుంచి పోయింది. మిత్రుడు 700 డాలర్లకు పైగా కట్టాడు. స్థానికుణ్ణి కాబట్టి నాకు అందులో పదో వంతు లోపే అయింది. 1949 జనవరి 1న గాని, ఆ తర్వాత గాని పుట్టిన ప్రతి ఒక్కరికీ వేట శిక్షణ కార్డు ఉండాలి. వేరే రాష్ట్రంలో తీసుకున్నదైనా చెల్లుతుంది. తలకు టోపీతో పాటు, నడుము పైన కనీసం 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ లేదా గులాబీ రంగు వేసుకోవాలి. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా వారి దగ్గర తుపాకీ గాని, తూటా గాని ఉండకూడదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. లాయరును అడిగి, కాగితాలు సరిచూసుకున్నాకే తుపాకీ ముట్టుకోండి.

బస విషయానికొస్తే, మొదట మీకర్‌లోనే ఉన్నాం. 1896 నాటి మీకర్ హోటల్ చూసి తీరవలసిన కట్టడం. లాబీ గోడల నిండా ఎల్క్ తలలే. కింద కెఫేలో తెల్లవారకముందే వేటగాళ్ళతో బల్లలు నిండిపోతాయి. అయితే సీజన్‌లో గదులు నెలల ముందే అయిపోతాయి. మేము దిగిన మోటల్ పేరు చెప్పను గాని, సీజన్ ధర వసూలు చేసి గదిలో హీటరు సరిగా పనిచేయించిన పాపాన పోలేదు. అయినా పట్టణంలో ముందుగా రాత్రులు గడపడం మంచిదే. మీకర్ ఎత్తు సుమారు 6,200 అడుగులు, ట్రాపర్స్ లేక్ 9,600 అడుగులు. డాలస్ నుంచి వచ్చినవాడు నేరుగా పైకెక్కితే తలనొప్పితో గుడారంలోనే పడుకోవలసి వస్తుంది. మంచి గది దొరక్కపోయినా, ఆ ఎత్తుకు ఒళ్ళు అలవాటు పడడానికి పెట్టిన డబ్బు వృథా కాలేదు.

తర్వాత అడవిలో గుడారం. నేషనల్ ఫారెస్ట్‌లో ఒకచోట 14 రోజుల దాకా ఉచితంగా ఉండవచ్చు. లోపల కట్టెల పొయ్యి పెట్టుకునే దళసరి కాన్వాసు గుడారం ఒక దుకాణంలో అద్దెకు తీసుకున్నాం. తీరా పైకెళ్ళి కట్టబోతే పొయ్యి గొట్టంలో ఒక ముక్క లేదు. తిరిగి పట్టణానికి ఒకపూట ప్రయాణం. అద్దె సామాను ఎవరి దగ్గర తీసుకున్నా వాళ్ళ వాకిట్లోనే విప్పించి, బిగించి చూపించమని అడగండి. గొట్టం దొరికాక ఆ గుడారం మమ్మల్ని కాపాడింది. రాత్రి మైనస్ పది సెల్సియస్ దాకా పోయినా లోపల బూట్లు ఆరాయి, అన్నం వండుకున్నాం, నిమ్మకాయ కారంతో తిన్నాం. ఇక గుడారం ఎక్కడ కట్టాలన్నది ఇక్కడ చాలా ముఖ్యం. 1940లలో బెరడు పురుగు ఫ్లాట్ టాప్స్‌లో స్ప్రూస్ చెట్లను పెద్ద ఎత్తున చంపింది. 2002లో ట్రాపర్స్ లేక్ దగ్గర బిగ్ ఫిష్ మంటలు లేచాయి. బూడిద రంగు మోళ్ళు ఇంకా నిలబడి ఉన్నాయి. గాలికి అవి చప్పుడు లేకుండా ఒరిగిపోతాయి. వాటి కింద ఎంత చదునైన చోటు కనిపించినా ఆశపడకండి.

మ్యాప్ యాప్‌కు చందా కట్టడం తప్పనిసరి అంటాను. మేము ఆన్‌ఎక్స్ వాడాం. మీకర్ చుట్టూ ప్రైవేటు పశువుల క్షేత్రాలూ ప్రభుత్వ భూమీ ఒకదానిలో ఒకటి చొచ్చుకుని ఉంటాయి. ఫోన్‌లో గీత కనబడకపోతే ఎవరి భూమిలో నిలబడ్డామో తెలియదు. చదరంగం గళ్ళలా ఉన్నచోట ఒక ప్రభుత్వ గడి మూల నుంచి మరో ప్రభుత్వ గడి మూలకు ప్రైవేటు నేల తాకకుండా అడుగు వేస్తే అడ్డుకోకూడదని, వయోమింగ్ వేటగాళ్ళ కేసులో 2025 మార్చిలో పదో సర్క్యూట్ అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. కొలరాడో ఆ కోర్టు పరిధిలోదే. సామాన్యుడికి దక్కిన పెద్ద విజయమిది.

ఇక వేట. మొదటి రోజు ప్రతి రోడ్డు చివరా ట్రక్కులు, ప్రతి గట్టు మీదా నారింజ రంగు. రోడ్డుకు మైలు లోపు తిరిగినవాళ్ళకు కనబడినవన్నీ ఇతర వేటగాళ్ళే. ఎల్క్‌లు తెల్లవారకముందు మేసి, పొద్దెక్కగానే ఉత్తరపు వాలుల మీది చీకటి స్ప్రూస్ అడవిలోకి వెళ్ళి పడుకుంటాయి. వాటి ముక్కును మోసం చేయలేం. ఉదయం చల్లగాలి లోయలోకి దిగుతుంది, ఎండ తగిలాక పైకి లేస్తుంది, సాయంత్రం మళ్ళీ దిగుతుంది. అందుకే ఉదయం చల్లగా ఉన్నంతసేపు మందకు కింద, ఎండ తగిలాక మందకు పైన ఉండాలి. ఒక ఉదయం విల్లో పొదల్లో పెద్ద నల్లటి ఆకారం లేచింది. మిత్రుడు రైఫిల్ ఎత్తలేదు, బైనాక్యులర్ ఎత్తాడు. అది ఆడ మూస్, ఎల్క్ కన్నా పెద్ద జింక. 1978లో నార్త్ పార్క్‌లో తొలిసారి వదిలినప్పటి నుంచి కొలరాడోలో మూస్‌లు బాగా పెరిగాయి. ఎల్క్ అనుకుని వాటిని చంపి కేసుల్లో ఇరుక్కునేవాళ్ళు ఉన్నారు. ఆ క్షణంలో అతని మీద నా గౌరవం పెరిగింది.

మంచు పడిన మర్నాడు మాకు కలిసొచ్చింది. ఆకు రాలిన ఆస్పెన్ తోపు అంచున చిన్న మంద, చివరన ఒక మగది. ఇక్కడ మగ ఎల్క్‌ను కాల్చాలంటే కొమ్ముకు ఒకవైపైనా నాలుగు మొనలు ఉండాలి, లేదా నుదుటి మొన అయిదు అంగుళాలు ఉండాలి. అతను రెండుసార్లు లెక్కపెట్టాడు, నేనూ లెక్కపెట్టాను. ఒకే తూటా. అది నలభై అడుగులు నడిచి కూలిపోయింది. దగ్గరికెళ్ళి అతను చేయి దాని మెడ మీద పెట్టి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నాకు కళ్ళు చెమర్చాయి. రాష్ట్రంలో ఎల్క్ వేటకు వెళ్ళే ఐదుగురిలో సుమారు ఒకరికే అది దొరుకుతుంది. నా లైసెన్సు ఖాళీగానే మిగిలింది, దాని గురించి నాకేమీ బాధ లేదు.

లైసెన్సు ట్యాగు మీద తేదీ వేసి సంతకం చేసి, పొట్ట చీల్చకుండానే కాళ్ళు, వెన్ను మాంసం వేరు చేసి, గుడ్డ సంచుల్లో చెట్టుకు వేలాడదీసేసరికి చీకటి పడింది. ఒక్కొక్క వెనక కాలే పాతిక కిలోలు. అప్పుడు శాటిలైట్ పరికరం నుంచి గుర్రాలవాళ్ళకు సందేశం పంపాం. వేసవిలోనే మాట్లాడి పెట్టుకున్నాం. రాష్ట్రంలో నమోదైన అవుట్‌ఫిట్టరేనా (వేటగాళ్ళకు జంతువులూ సామానూ సమకూర్చేవాళ్ళు), ఈ అడవికి ఫారెస్ట్ సర్వీసు పర్మిట్ ఉందా అని అడిగే కుదుర్చుకున్నాం. మర్నాడు ఉదయానికి రెండు కంచర గాడిదలు వచ్చాయి, మధ్యాహ్నానికల్లా మాంసమంతా రోడ్డు దగ్గర ఉంది. దానికి మోటల్ మూడు రాత్రుల అద్దెంత అయింది. ఈ ప్రయాణంలో అంత విలువైన సేవ మరొకటి లేదు. ఆ మనిషి జంతువులతో మాట్లాడే తీరు, బరువును రెండు వైపులా సరిదూచి కట్టే నేర్పు చూస్తే ఇచ్చింది తక్కువే అనిపించింది.

పట్టణంలో మాంసం కోసి ప్యాక్ చేసేచోట నిరాశే ఎదురైంది. ముందే ఫోన్‌లో సరేనన్నవాళ్ళు తీరా వెళ్తే చోటు లేదన్నారు. ఐస్ పెట్టెల్లో సర్దుకుని మా ఇంటికి తెచ్చి, వంటింట్లో మేమే కోసుకున్నాం. తల మాత్రం రాష్ట్ర వన్యప్రాణి శాఖకు పరీక్షకు ఇచ్చాం. జింక జాతికి వచ్చే క్రానిక్ వేస్టింగ్ వ్యాధి మనుషులకు సోకినట్టు రుజువు లేదు. అయినా వ్యాధి ఉందని తేలితే తినవద్దనే అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతుంది. ఫలితం వచ్చేదాకా ఫ్రీజర్ తలుపు తెరవలేదు. చాలా రాష్ట్రాలు మెదడు, వెన్నెముక ఉన్న భాగాలను సరిహద్దు దాటనివ్వవు కాబట్టి మిత్రుడు ఎముక తీసిన మాంసమే డాలస్ తీసుకెళ్ళాడు. వండేవాళ్ళకు ఒక మాట: ఎల్క్ మాంసంలో కొవ్వు దాదాపు ఉండదు. వేపుడుకు నూనె కాస్త ఎక్కువ పడుతుంది. మోకాలి కింది ముక్కలు కుక్కర్‌లో అల్లం వెల్లుల్లితో ఉడికించి పులుసు పెడితేనే రుచి.

భారతదేశంలో 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నిషిద్ధం, అక్కడి అడవులకు అదే సరైనదని నేను నమ్ముతాను. ఇక్కడి దారి వేరు. వందేళ్ళ కిందట కొలరాడోలో ఎల్క్ దాదాపు అంతరించింది. వయోమింగ్ నుంచి తెచ్చి వదిలారు. ఇవాళ రాష్ట్రంలో రెండున్నర లక్షలకు పైగా ఉన్నాయి, దేశంలో ఇంకే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. వాటి సంరక్షణ ఖర్చులో పెద్ద భాగం లైసెన్సుల నుంచీ, 1937 చట్టం ప్రకారం రైఫిళ్ళూ తూటాల మీద వసూలు చేసే 11 శాతం పన్ను నుంచీ వస్తుంది. మిత్రుడు కట్టిన 700 డాలర్లను అందుకే ఖర్చు అనలేను.

వచ్చే ఏడు మోటల్ మారుస్తాం, గుడారం సొంతంగా కొంటాం, గుర్రాలవాళ్ళకు మాత్రం ఇప్పుడే చెప్పి ఉంచాం. ఆడ ఎల్క్ లైసెన్సుకు లాటరీ దరఖాస్తులు ఏప్రిల్ మొదట్లో ముగుస్తాయి. ఇద్దరం ఒకే దరఖాస్తు కింద వేస్తున్నాం.